లోయ అంచున వద్దు, కల్లంలో పడుకో

ప్రశ్న: అన్నా, నాకు 29 ఏళ్ళు. ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తాను. ఏడాదిగా విదేశాల్లో ఒంటరిగా కాలినడకన తిరిగేవాళ్ళ వీడియోలు చూస్తున్నాను. బ్యాగు తగిలించుకుని పోతూ ఉంటారు, చీకటి పడే వేళకు ఎవరికీ కనపడని చోట చిన్న టెంటు వేసుకుంటారు, తెల్లారకముందే తీసేసి వెళ్ళిపోతారు. నేనూ డిసెంబరులో మా ఇంటి నుంచి గండికోట దాకా నడిచి, పెన్న లోయ అంచున ఒక్కడినే ఒక రాత్రి పడుకుని రావాలనుకుంటున్నాను. అమ్మకు చెబితే ఒక పూట అన్నం మానేసింది. స్నేహితులు ‘పాము కరిస్తే దిక్కెవరు’ అంటున్నారు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోదామా అనిపిస్తోంది. ఇది పిచ్చితనమా? వెళ్తే ఏం చూసుకోవాలి?
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం:

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. పిచ్చితనమేమీ కాదు, వెళ్ళు. రోజుకు పదకొండున్నర గంటలు కుర్చీలో ఉండేవాడికి నడవాలనిపించకపోతేనే ఆలోచించాలి. నీ ఉత్తరంలో నాకు భయం పుట్టించిన మాట ఒకటుంది. అది పాము కాదు, ‘ఎవరికీ కనపడని చోట’ అన్న మాట.

బస్సు కిటికీలోంచి చూస్తే మన సీమ మైళ్ళకు మైళ్ళు ఖాళీగా ఉంటుంది. దిగి నిలబడితే కథ వేరు. ఆ బోడిగుట్ట మీద గొర్రెలు తోలే మనిషి ఒకడు ఉంటాడు. ఈ బీడు అన్నదమ్ముల తగాదాలో ఉంటుంది, అందులో ఎవరు కాలు పెట్టినా ఇద్దరికీ కబురు పోతుంది. ఆ వంక పక్కన బోరు దగ్గరికి ఏ వేళప్పుడైనా టార్చి వేసుకుని ఒకాయన వస్తాడు. నన్నెవరూ చూడలేదని నువ్వనుకుంటావు గానీ, పొద్దుగూకే వేళ రోడ్డు దిగినప్పుడే నలుగురి కళ్ళలో పడి ఉంటావు.

నువ్వు చూసే వీడియోల సంగతి కూడా కాస్త తెలుసుకో. స్కాట్లాండ్‌లో 2003లో చేసిన భూసంస్కరణల చట్టం వల్ల, పైరున్న పొలాలు, ఇళ్ళ చుట్టుపక్కల జాగాలు మినహాయిస్తే, పరాయి భూమిలోనైనా బుద్ధిగా నడిచి, చిన్న టెంటు వేసుకుని రాత్రి గడిపే హక్కు జనానికి ఉంది. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో ఆ హక్కు లేదు, భూమి గలాయన ఒప్పుకోవాలి. డార్ట్‌మూర్ అనే ఒక్క ప్రాంతంలో అలా పడుకోవచ్చా లేదా అని అక్కడి భూస్వాములు కోర్టుకెక్కితే, 2025 మేలో వాళ్ళ సుప్రీంకోర్టు పడుకోవచ్చని తేల్చింది. అంటే ఆ వీడియోల్లో చాలామంది దాక్కుని టెంటు వేసేది భూమి గలాయన చూస్తే లేపి పంపేస్తాడని. అక్కడ వాళ్ళకు అంతకు మించి జరిగేది పెద్దగా ఏమీ ఉండదు. ఇక్కడ దాక్కున్నవాణ్ణి లేపి పంపరు, పట్టుకుంటారు.

నాకు జరిగింది చెబుతాను. పన్నెండేళ్ళ కిందట అనంతపురం జిల్లాలో ఇలాగే రెండు రోజుల నడక పెట్టుకున్నాను. ఊళ్ళో అడగడానికి మొహమాటం. చీకటి పడ్డాక రోడ్డు పక్క చీనీ (బత్తాయి) తోటలోకి జారుకుని, చెట్ల వరస మధ్య పట్ట పరిచి పడుకున్నాను. తలకు కట్టుకునే లైటు ఒకటి కొత్తగా కొన్నాను, దాన్ని రెండుసార్లు వెలిగించి ఆర్పాను. ఆ రెండుసార్లే చాలింది. అరగంటలో ఆరుగురు వచ్చారు. ముందు టార్చి వెలుగు మొహాన పడింది, ఆ వెనక కట్టెలు కనపడ్డాయి. ‘ఎవుర్రా నువ్వు? మోటరు కాడ ఏం చేస్తాండావ్?’ అన్నాడొకడు. చూసుకుంటే నిజంగానే నేను పడుకున్న చోటికి పది అడుగుల్లో బోరు మోటారు ఉంది. అంతకు నాలుగు రోజుల ముందే ఆ చుట్టుపక్కల మూడు బోర్ల కేబుళ్ళు కోసుకుపోయారట. నా బ్యాగు గుమ్మరించారు. అందులో కూరగాయలు కోసుకునే చాకు ఒకటి బయటపడింది. ఆ చాకును వాళ్ళు టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసిన ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆధార్ కార్డు, ఆఫీసు కార్డు చూపించి, ఇంటికి ఫోను కలిపి మాట్లాడించాక నమ్మారు. నమ్మిన తర్వాత పెద్దాయన నన్ను తిట్టిన తిట్టు ఒక్కటే. ‘అడిగింటే కొట్టంలో మంచం ఏసిచ్చేవాళ్ళం గదప్పా, దొంగనాయాలి మాదిరి తోటలో దూరేదేంది?’ ఆ రాత్రి పదిన్నరకు వాళ్ళింట్లో సంగటి, చెనిక్కాయల పచ్చడి తిని, కొట్టంలోనే నులకమంచం మీద పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఊళ్ళో పిల్లలంతా దొంగను చూడటానికి వచ్చి నిలబడి ఉన్నారు.

కాబట్టి ఒంటరిగా నడువు గానీ దాక్కుని పడుకోవద్దు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కింద రాసిందంతా దాని వివరం.

మోటారు దొంగ అనుకోవడం ఒక్కటే కాదు, మన దగ్గర రాత్రిపూట బ్యాగుతో కనపడే కొత్త మనిషికి ఇంకా పేర్లున్నాయి. పాడుబడ్డ గుడి, కోట గోడ దగ్గరైతే గుప్తనిధుల కోసం తవ్వడానికి వచ్చావంటారు. సీమలో తవ్విన గుంతలు లేని పాతగుడిని వెతుక్కోవాల్సిందే, కాబట్టి ఆ అనుమానాన్ని తప్పు పట్టలేం. కడప దక్షిణాన పాలకొండల వైపు, సిద్ధవటం పక్క లంకమల వైపు అయితే ఎర్రచందనం. అటు మాత్రం అసలు వద్దు. లంకమల వన్యప్రాణుల అభయారణ్యం. లోకమంతా అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్ళీ కనపడింది ఆ చుట్టుపక్కల ముళ్ళపొదల్లోనే. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే తప్పు, ఇక రాత్రి మకాం అంటే చెప్పక్కర్లేదు. ఎర్రచందనం కోసం గాలించే పోలీసులకు నీ టెంటు, నీ వీడియోల ముచ్చట విడమరిచి చెప్పే టైమ్ దొరక్కపోవచ్చు. నీ దారి అటు కాదు, సంతోషం. రేపు ఇదే ఊపులో ఇంకోచోటికి బయల్దేరతావేమోనని చెబుతున్నాను.

నడక మనకు కొత్తా? ఉగాదికి ముందు కర్ణాటక నుంచి మల్లన్న భక్తులు వేలమంది కర్నూలు మీదుగా శ్రీశైలానికి నడిచిపోతుంటే దారి పొడుగునా ఊళ్ళవాళ్ళే అన్నం పెడతారు, కాళ్ళకు మందు రాస్తారు, పడుకోవడానికి చాపలు పరుస్తారు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు ఏరడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు చెట్ల కిందా గుడి అరుగుల మీదా రోజుల తరబడి ఉంటారు, వాళ్ళనూ ఎవరూ తరమరు. ఎందుకు వచ్చారో ఊరికి తెలుసు కాబట్టి. ఊరికే నడవడానికి ఒక్కడే బయల్దేరిన మనిషి ఎవరికీ అర్థం కాడు. అందుకని అర్థమయ్యేటట్టు చెప్పాల్సిన పని నీదే.

ఈ విషయంలో నీకు గురువులు వీడియోల వాళ్ళు కాదు, మన గొర్రెల కాపరులు. నెలల తరబడి ఇల్లు వదిలి మంద తోలుకుంటూ జిల్లాలు దాటి పోతారు. ఒక కట్టె, ఒక కంబళి, రెండు కుక్కలు, అంతే సామాను. రాత్రికి ఎక్కడ ఆగినా ముందే ఆ పొలం రైతుతో మాట్లాడుకుంటారు. మంద పడుకున్న చేనికి ఎరువు దిగుతుంది కాబట్టి రైతే డబ్బో గింజలో ఇచ్చి ఆపుకుంటాడు. నీ దగ్గర ఎరువు లేదు గానీ, అడగడం నేర్చుకోవచ్చు. కంబళి మీదికి పాము రాదని వాళ్ళంటారు. ఆ మాట మీద నేనైతే పందెం కట్టను.

ఇక నీ దారి. రోడ్డు లెక్కన ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాదాపు 20 కిలోమీటర్లు, అక్కడి నుంచి గండికోట ఇంకో 15. భుజాన బరువుతో, ఆగుతూ సాగుతూ నడిస్తే గంటకు మూడున్నర కిలోమీటర్లు పడుతుంది, వీడియోలో లాగా ఐదు కాదు. పొద్దున ఐదున్నరకే ఊరు దాటు. మొదటి రోడ్డు ముక్కలో లారీలు ఎక్కువ, ఎదురుగా వచ్చే బండి కనపడేటట్టు కుడి పక్కన నడువు. బండిబాటో కాలువ గట్టో ఎక్కడ దొరికితే అక్కడ, చేలో ఉన్నవాళ్ళను అడిగి, రోడ్డు దిగు. ఫోను మ్యాపు చూపించే దారి మధ్యలో కంచెతోనో వంకతోనో ఆగిపోతుంది. చేలో కలుపు తీసే అవ్వ చూపించిన దారి అలా ఆగదు, కాకపోతే ‘ఇదో, ఈడనే’ అన్నది మూడు కిలోమీటర్లు ఉంటుంది.

డిసెంబరు మంచి నెల. నల్లరేగడిలో శనగ పచ్చగా ఉంటుంది, ఎండ బాధించదు, రాత్రి చలికి కంబళి సరిపోతుంది. అయితే తుఫాను పట్టిందంటే వాయిదా వేసుకో, వేరే మాట లేదు. వానకు తడవడం కోసం కాదు, ఆ రేగడి కోసం. తడిసిన రేగడిలో పది అడుగులు వేసి చూడు. చెప్పు కింద ఇంకో చెప్పు మందాన మట్టి అంటుకుంటుంది, దాని మీద ఇంకో పొర, అందులో నాలుగు గడ్డిపోచలు, ఒక ముల్లు. కాలు ఎత్తితే చెప్పు రాదు, చెప్పు వస్తే కాలు అదుపులో ఉండదు. చివరికి చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి, అప్పుడు పల్లేరు కాయలు గుచ్చుకుంటాయి. ఒకసారి రెండు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది నాకు.

జమ్మలమడుగులో మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చు. మూడింటికి లేచి గండికోట దారిలో ఇంకో నాలుగైదు కిలోమీటర్లు నడిచి, నాలుగున్నరకు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో ఆగు. డిసెంబరులో ఆరయ్యేసరికే వెలుతురు తగ్గిపోతుంది. చీకటి పడ్డాక అడిగే మనిషికీ వెలుతురులో అడిగే మనిషికీ చాలా తేడా ఉంది. రచ్చకట్ట దగ్గరో టీ కొట్టు దగ్గరో కూర్చో, టీ తాగు, బ్యాగు అందరికీ కనపడేటట్టు పెట్టు. నువ్వు నోరు తెరవక్కర్లేదు, వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పు: ‘అన్నా, ప్రొద్దుటూరు నుంచి నడుచుకుంటా గండికోటకు పోతాండా. ఈ రాత్రికి ఈడ పండుకోవాల. మీ కల్లంలో డేరా ఏసుకుంటే ఏమన్నా ఇబ్బందా?’

తర్వాత ప్రశ్నలు వస్తాయి. ఏ వీధి, ఏ షాపు, ఎంతిస్తారు, పెళ్ళయిందా, బస్సుకు డబ్బుల్లేవా. ఆఖరి ప్రశ్నకు కోపం తెచ్చుకోవద్దు. ‘మీరేమిట్లు’ అని, అంటే ఏ కులమని కూడా అడుగుతారు. దానికి ఎంత చెప్పాలో నీ ఇష్టం. ఎవరి అరుగు ఎవరికి దొరుకుతుందో ఆ జవాబును బట్టి నిర్ణయించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, లేవని నేను రాయలేను. ఊరందరిదీ అయిన గుడి అరుగు, బడి వరండా అడిగితే ఆ చిక్కు కొంత తగ్గుతుంది. ఈ ఉత్తరం ఒక అమ్మాయి రాసి ఉంటే కల్లం అనకుండా, ఊళ్ళో ఒక ఇంటి ఆడవాళ్ళను పట్టుకుని వాళ్ళతోపాటే ఇంట్లో పడుకోమనేవాణ్ణి. అది న్యాయమని కాదు, రాత్రి అలా ఉంది కాబట్టి.

కల్లం అని ఎందుకంటున్నానంటే టెంటుకు అంతకన్నా మంచి జాగా మన ఊళ్ళల్లో లేదు. నేల చదును చేసి గట్టిపరిచి ఉంటుంది, ముళ్ళుండవు, నాలుగు పక్కలా చూపు ఆనుతుంది, ఊరి లైటు కనపడుతుంది. గడ్డివామికి మాత్రం దూరంగా వేసుకో. వామి కింద ఎలుకలు, ఎలుకల కోసం వచ్చేవీ ఉంటాయి. ఆ వామి పక్కన అగ్గిపుల్ల కూడా గీయొద్దు. చలిమంట ముచ్చట మర్చిపో. ఎండిన బోదగడ్డి కొండలు ఎంత తొందరగా అంటుకుంటాయో, రైతు ఏడాది పశువుల మేత కూడా అంతే తొందరగా అంటుకుంటుంది.

లోయ అంచున ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి కదా, నీ కలంతా అదే. గండికోట దగ్గర అంచు అంటే గట్టు కాదు. ఎర్రటి రాతిపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. కొన్ని గట్టిగా ఉంటాయి, కొన్ని కదులుతాయి. ఏది కదులుతుందో కాలు పెట్టేదాకా తెలియదు. కింద దాదాపు వంద మీటర్ల లోతున పెన్న. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఒంటికి లేచినవాడు ఎటు నడుస్తాడో వాడికే తెలియదు. రాతిలో టెంటు మేకులు దిగవు, గాలి మాత్రం ఆగదు. ఏకాంతం అంటావా, శనివారం రాత్రి అది తిరునాళ్ళే. అద్దె టెంట్లు, స్పీకర్లు, బాటిళ్ళు. వారం మధ్యలో సెలవు పెట్టుకో. రెండో రోజు పొద్దున్నే కల్లంలో లేచి మిగిలిన పది కిలోమీటర్లు నడిచి తొమ్మిది, తొమ్మిదిన్నరకు అక్కడికి చేరు, ఎండ వాలుగా పడే వేళ లోయ రంగు చూడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకే వచ్చాడు. ఆయనా అంచున పడుకుని ఉండడు.

ఇంకా పెద్ద ఆశ పెట్టే జాగా ఏటి ఇసుక. మెత్తగా, తెల్లగా, పరుపు పరిచినట్టు ఉంటుంది. అక్కడ మాత్రం ఎంత అలసిపోయినా పడుకోవద్దు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింద ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకే తప్పించుకునే వ్యవధి లేకపోయింది. నీ దారిలో మైలవరం డ్యాం ఉంది. పైన ఎక్కడో వాన పడి గేట్లు ఎత్తితే, కింద ఇసుకలో పడుకున్నవాడికి నెత్తిన నక్షత్రాలే కనపడుతుంటాయి. నీళ్ళు రాకపోయినా ట్రాక్టర్లు వస్తాయి. రాత్రిపూట ఇసుకకు వచ్చే ట్రాక్టర్లు లైట్లు వేసుకుని రావాలన్న నియమమేమీ పెట్టుకోవు.

నీ స్నేహితులకు పాము గుర్తొచ్చింది గానీ కరెంటు తీగ గుర్తు రాలేదు. అడవి పందులు పంట తవ్వేస్తున్నాయని కొందరు చేను చుట్టూ సన్న తీగ కట్టి రాత్రి కరెంటు వదులుతారు. చట్టప్రకారం నేరం, అయినా చేస్తారు, మనుషులు పోతూనే ఉన్నారు. ఆ తీగ మోకాలి కిందుగా ఉంటుంది, టార్చి వెలుగులో కూడా కనపడదు. రాత్రి చేలకు అడ్డంపడి నడవకు. పడుకునే ముందు కల్లం ఆసామిని ‘ఈ పక్కల యాడన్నా తీగ ఉందా’ అని తప్పకుండా అడుగు. దాక్కుని పడుకునేవాడు అడగలేని ప్రశ్న అది.

పాము సంగతి. కూర్చున్న చోట రాళ్ళు, కంప కదపకపోతే, రాత్రి టార్చి లేకుండా అడుగు వేయకపోతే చాలావరకు తప్పించుకోవచ్చు. నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలో కరిచేది ఎక్కువగా కట్లపాము. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, దోమ కుట్టిందేమో అనుకుంటారు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అందుకే మంచం ఇస్తామంటే మంచం తీసుకో, దాని మీద దోమతెర కట్టుకుని అంచులు పరుపు కిందికి దోపు. టెంటులో అయితే జిప్పు ఎప్పుడూ మూసి ఉంచు, బూట్లు లోపల పెట్టుకుని పొద్దున దులిపి వేసుకో, తేలు ఉంటుంది. కరిచిందని అనుమానం వచ్చినా చాలు, కోయొద్దు, కట్టొద్దు, పసరు తాగొద్దు, పరుగెత్తొద్దు. కల్లం ఆసామిని లేపు, 108కి ఫోన్ చెయ్యి, బండి దొరికితే దాని మీదే పో. జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడే. పాము కరిస్తే దిక్కెవరు అని అడిగినవాళ్ళకు జవాబు దొరికింది కదా, ఆసామికి బైకు ఉంటుంది.

కుక్కలకు భయపడి పరుగెత్తకు, కర్ర ఆనించుకుని నిలబడు. మంద కనపడితే దూరం నుంచే కాపరిని కేక వేసి పిలిచి, ఆయన కుక్కలను అదిలించాకే దగ్గరికి వెళ్ళు. కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా వేయించుకో, నడక అక్కడితో సరి.

సామాను గురించి వీడియోలు నిన్ను చాలా ఖర్చు పెట్టిస్తాయి. గాలి ఊదే పరుపు కొనొద్దు. సర్కారు తుమ్మ ముల్లు ఒక్కటి దానికి చాలు. మడిచే స్పాంజి చాప ఒకటి తెచ్చుకో. స్టవ్వు అక్కర్లేదు. బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం, రెండు నిప్పట్లు, నాలుగు అరటిపళ్ళు. దారిలో ఉగ్గాని బజ్జీ దొరికితే అవన్నీ అలాగే వెనక్కి వస్తాయి. నీళ్ళు మూడు లీటర్లు మోస్తూ, కనపడిన ప్రతి ప్లాంటు దగ్గరా నింపుకో. ఏ ఇంటి ముందు అడిగినా చెంబు నీళ్ళు ఇస్తారు. బ్యాగు మొత్తం ఏడెనిమిది కిలోలు దాటనివ్వకు. కొత్త బూట్లతో బయల్దేరావంటే జమ్మలమడుగు రాకముందే మడమ బొబ్బలెక్కుతుంది. ఇప్పటి నుంచి మూడు ఆదివారాలు అదే బ్యాగు, అవే బూట్లు వేసుకుని 8, 12, 16 కిలోమీటర్లు నడిచి చూడు. మూడో ఆదివారం నీ నడుము ఏమంటుందో విని అప్పుడు సెలవు అడుగు. చాకు తీసుకుపోవాలంటే పోనీ, అడుగున పెట్టు.

ఉదయం బయల్దేరేటప్పుడు ఆసామికి డబ్బు ఇవ్వబోకు, చిన్నబుచ్చుకుంటారు. పిల్లలుంటే బిస్కెట్ ప్యాకెట్లు ఇవ్వు. కల్లంలో ఒక్క కవరు కూడా వదలకు, ఆవు తింటుంది.

చివరికి అమ్మ. ‘ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోదామా’ అని రాశావు. దాక్కోవడం అక్కడే మొదలైంది చూడు. ఆమెకు భయం నువ్వు నడుస్తావని కాదు, రాత్రి ఎక్కడున్నావో తెలియదని. కాగితం మీద దారి గీసి గోడకు అంటించు. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, పొద్దుగూకినప్పుడు ఫోన్ చేస్తానని చెప్పు. గుట్టల మధ్య సిగ్నల్ పోతుంది, కాబట్టి ఎప్పటిదాకా ఫోన్ రాకపోతే కంగారు పడాలో కూడా ఆమెతోనే తేల్చుకో. రాత్రి ఏడున్నర అనుకో. దానికి ముందు టెన్షన్ పడితే లెక్కలోకి రాదు. సాయంత్రం కల్లం ఆసామి పేరు, నంబరు ఆమెకు పంపు, కుదిరితే ఆయన భార్యతో రెండు నిమిషాలు మాట్లాడించు. ఆ రెండు నిమిషాలు అరగంట అవుతుంది, ఫోను ఛార్జింగ్ చూసుకో.

రెండో రోజు ఆమెనే గండికోటకు రమ్మను. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సు ఎక్కి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుంటే పదకొండుకల్లా కోట వాకిట్లో ఉంటుంది. నువ్వు అప్పటికి లోయ చూసేసి, మాధవరాయస్వామి గుడి నీడలో బూట్లు విప్పుకుని కూర్చుని ఉంటావు. సంగటి, పప్పు క్యారియర్‌లో తెమ్మను. ఉన్నపళంగా తినేస్తావు, ఇంకో రెండు ముద్దలు ఎక్కువే పెట్టుకు రమ్మను.